వృత్తి ఎంపిక

వృత్తి ఎంపిక అనగా ఒక వ్యక్తి తన జీవనోపాధి కొరకు చేపట్టదగిన పనిని నిర్ణయించుకొనే ప్రక్రియ. తన ఆసక్తులను, శక్తిసామర్థ్యాలను, తాను దేనికి విలువనిస్తాడో ఆ విషయాలను ముందుగా గుర్తెరిగినవాడు ఈ నిర్ణయాన్ని సక్రమంగా చేయగలడని విద్యా మనస్తత్వ శాస్త్రం చెబుతుంది. అయితే ఈ గుర్తెరగడం ఏ విధంగా జరుగుతుంది అన్నదే అసలు ప్రశ్న. ఏకాంతంగా కూర్చుని ఆలోచించినంత మాత్రాన అది సిద్ధించదు. ఏదో ఒక పనిలో చేయి పెట్టి, అందులో తన మనసు నిలిచిందా లేదా అని చూసుకున్నప్పుడే సాధారణంగా అది బోధపడుతుంది. విజయవాడ, మచిలీపట్నం, గుడివాడ పట్టణాలతో కూడిన కృష్ణా డెల్టాలో గత నూరేళ్లకు పైగా ప్రసిద్ధికెక్కిన పలువురి జీవితాలు దీనికి నిదర్శనంగా కనిపిస్తాయి. అదే ప్రాంతంలో నేడు పదిహేనేళ్ల వయసుకే ఈ నిర్ణయం జరిగిపోవడం, అదీ చాలావరకు విద్యార్థి ప్రమేయం లేకుండా జరగడం, గమనించవలసిన విషయం.

పదాల అర్థాలు

తెలుగులో వృత్తి, ఉద్యోగం, ఉపాధి అనే మాటలను తరచు ఒకదానికి బదులుగా మరొకటి వాడుతుంటారు. ఉపాధి అంటే బ్రతుకుతెరువు. వృత్తి అంటే మనిషి నిలకడగా చేసే పని. కుమ్మరం, వడ్రంగం, వైద్యం, బోధన అన్నీ వృత్తులే. ఇక 'ఉద్యోగం' అనే సంస్కృత పదానికి మూలార్థం ప్రయత్నం, పూనిక అని. మహాభారతంలోని ఉద్యోగపర్వానికి ఆ పేరు ఈ అర్థంలోనే వచ్చింది. తెలుగు వాడుకలో మాత్రం ఈ మాట నెలజీతానికి చేసే కొలువుగా స్థిరపడింది. 'ఉద్యోగం పురుష లక్షణం' అనే నానుడిని జీతం తెచ్చుకొనే పనికి అన్వయించి చెప్పేవారే ఎక్కువ. మాట అర్థం ఇలా కుదించుకుపోయిన తీరులోనే సమాజం ఆలోచన మారిన తీరు కూడా తెలుస్తుంది.

భగవద్గీత మూడవ అధ్యాయంలో వచ్చే 'స్వధర్మం' అనే భావనను కూడా ఈ సందర్భంలో పలువురు ఉదహరిస్తారు. పూర్వ వ్యాఖ్యాతలు దీనిని ప్రధానంగా పుట్టుకతో సంక్రమించిన ధర్మంగా వివరించగా, ఆధునికులలో కొందరు తన స్వభావానికి తగిన పనిగా అర్థం చెప్పారు. ఈ రెండు అర్థాల మధ్య దూరం చాలా ఎక్కువ. మొదటిదానిలో ఎంపిక అనే ప్రసక్తే లేదు.

శాస్త్రంగా రూపొందిన వైనం

వృత్తి మార్గదర్శనాన్ని ఒక పద్ధతిగా ప్రారంభించినవాడు అమెరికాకు చెందిన ఫ్రాంక్ పార్సన్స్ (1854 - 1908). ఇతడు 1908 జనవరిలో బోస్టన్ నగరంలో యువతకు సలహాలు ఇచ్చే ఒక కార్యాలయాన్ని నెలకొల్పాడు. అదే సంవత్సరం మరణించాడు. వృత్తిని ఎంచుకొనే విధానంపై ఇతడు వ్రాసిన పుస్తకం మరుసటి ఏడాది, 1909లో వెలువడింది. తన్ను గురించి స్పష్టమైన అవగాహన, వివిధ వృత్తులలోని పరిస్థితుల పరిజ్ఞానం, ఈ రెండింటికి గల సంబంధాన్ని సహేతుకంగా ఆలోచించడం అనే మూడు మెట్లను పార్సన్స్ ప్రతిపాదించాడు. నేటి వృత్తి సలహాకేంద్రాలు చేసేది కూడా స్థూలంగా ఇదే.

పార్సన్స్ సొంత జీవితం మాత్రం ఈ మూడు మెట్ల వరుసలో సాగలేదు. సివిల్ ఇంజనీరింగు చదివి రైల్వే కంపెనీలో చేరాడు. ఆర్థిక మాంద్యంలో ఆ ఉద్యోగం పోగా కొంతకాలం కూలిపని చేశాడు. ఆ తరువాత బడిపంతులు, న్యాయవాది, అధ్యాపకుడు అయ్యాడు. బోస్టన్ నగర మేయరు పదవికి పోటీ చేసి ఓడిపోయాడు. ఇన్ని పనులు చేసిన తరువాత, జీవితపు చివరి సంవత్సరంలో గాని తనకు పేరు తెచ్చిన పనికి చేరుకోలేదు.

తరువాతివారిలో జాన్ హాలండ్ ముఖ్యుడు. ఇతడు 1959లో మనుషులను ఆరు తరహాలుగా విభజించాడు: చేతులతో, పనిముట్లతో పని చేసేవారు, పరిశోధించేవారు, కళాస్వభావులు, ఇతరులకు నేర్పేవారు లేక సాయపడేవారు, నలుగురిని నడిపించి వ్యవహారం నెరపేవారు, లెక్కలు, దస్తావేజులు క్రమబద్ధంగా చూసేవారు. చాలామందిలో రెండు మూడు తరహాలు కలిసే ఉంటాయి. పాఠశాలలలో ఇచ్చే ఆసక్తి పరీక్షలు అనేకం ఈ విభజన ఆధారంగా తయారైనవే.

డొనాల్డ్ సూపర్ అనే మరొక శాస్త్రవేత్త వృత్తి నిర్ణయం ఒక్క రోజున జరిగేది కాదనీ, జీవితాంతం సాగే క్రమమనీ చెప్పాడు. ఇతని లెక్కలో సుమారు 15 నుండి 24 సంవత్సరాల వరకు అన్వేషణ దశ. అంటే ఆ వయసు పలు పనులను పరీక్షించి చూసుకొనేందుకు కేటాయించినది. 1990 దశకంలో జాన్ క్రంబోల్ట్జ్ మరో అడుగు ముందుకు వేసి, అనుకోకుండా ఎదురయ్యే సంఘటనలను ఉపయోగించుకొనే నేర్పే వృత్తి జీవితంలో ప్రధానమని వాదించాడు. పార్సన్స్ నుండి క్రంబోల్ట్జ్ వరకు చూస్తే 'ముందు తెలుసుకో, తరువాత చెయ్యి' అనే ఆలోచన క్రమంగా 'చేస్తూ తెలుసుకో' అనే వైపుకు మళ్లినట్లు కనిపిస్తుంది.

కృష్ణా డెల్టా నేపథ్యం

విజయవాడ వద్ద కృష్ణానదిపై 1855 నాటికి ఆనకట్ట పూర్తయి, కాలువల ద్వారా డెల్టా భూములకు నీరు అందింది. వరి పంట స్థిరపడింది. మిగులు ధనం కొంత చదువులపైకి మళ్లింది. అంతకుముందే మచిలీపట్నంలో రాబర్ట్ నోబుల్ 1843లో స్థాపించిన పాఠశాల తరువాత కళాశాలగా ఎదిగింది. వ్యవసాయ కుటుంబాల పిల్లలు ప్లీడర్లుగా, డాక్టర్లుగా, గుమాస్తాలుగా మారడం ఈ విధంగా మొదలైంది.

దీనికి పక్కనే వంశపారంపర్య వృత్తుల లోకం ఒకటి ఉన్నది. కొండపల్లిలో తెల్లపొణికి కర్రతో బొమ్మలు చెక్కేవారు, పెడనలో కలంకారీ అద్దకం చేసేవారు, కూచిపూడిలో యక్షగానాలు ఆడే కుటుంబాలవారు తమ పనిని తండ్రుల వద్దనే నేర్చుకున్నారు. ఇక్కడ ఎంపిక లేదన్న మాట నిజమే గాని పని మాత్రం చిన్నతనం నుండి కళ్లెదుట ఉండేది. పిల్లవాడికి చెయ్యి తిరుగుతున్నదీ లేనిదీ పదేళ్ల వయసుకే ఇంటిల్లిపాదికీ తెలిసిపోయేది. కూచిపూడి కుటుంబాలలో పుట్టిన ప్రతి మగపిల్లవాడు ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని సిద్ధేంద్రయోగి నియమం పెట్టినట్లు చెబుతారు. అందరూ కట్టినా ఆ పాత్రలో జీవించినవారు వేదాంతం సత్యనారాయణ శర్మ (1935 - 2012) వంటి కొద్దిమందే. అదే ఊరిలో 1929లో పుట్టిన వెంపటి చినసత్యం మద్రాసు చేరి, 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీని స్థాపించి, ఆ కుటుంబాలకు చెందని అనేకమందికి, ముఖ్యంగా ఆడపిల్లలకు, నాట్యం నేర్పాడు. పుట్టుకతో వచ్చిన వృత్తిలో కూడా తనదైన దారి వెదుక్కొనేందుకు చోటు ఉంటుందనడానికి ఇతడు ఉదాహరణ.

ఆంధ్ర జాతీయ కళాశాల

వందేమాతరం ఉద్యమం రోజులలో, 1907లో, బిపిన్ చంద్రపాల్ ఆంధ్రప్రాంతంలో పర్యటించిన తరువాత, చదువు అంటే ప్రభుత్వ కొలువుకు మెట్టు అనే భావనపై మచిలీపట్నంలో తీవ్రమైన చర్చ జరిగింది. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య కలిసి 1910లో అక్కడ ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పారు. పుస్తక విద్యతో పాటు నేత, వడ్రంగం, యంత్రాల పని, చిత్రలేఖనం వంటివి నేర్పడం దీని ప్రత్యేకత. విద్యార్థి తన చేతులు దేనికి పనికివస్తాయో బడిలోనే తెలుసుకొనే అవకాశం ఇందువల్ల కలిగింది. ప్రమోద్ కుమార్ చటోపాధ్యాయ ఇక్కడ చిత్రకళ నేర్పాడు. ఆయన వద్ద అభ్యసించిన అడవి బాపిరాజు న్యాయశాస్త్రం చదివినప్పటికీ చిత్రకారుడుగాను, రచయితగాను పేరు పొంది, తరువాత ఈ కళాశాలకే ప్రిన్సిపాలుగా పని చేశాడు.

స్థాపకుల జీవితాలు కూడా ఇదే ప్రశ్నకు సమాధానాలుగా కనిపిస్తాయి. హనుమంతరావు న్యాయశాస్త్రం చదివి కూడా వకీలు వృత్తిని కాదని, 1922లో మరణించేవరకు కళాశాలకే అంకితమయ్యాడు. కృష్ణారావు 1907 నుండి 1945లో కన్నుమూసే వరకు కృష్ణాపత్రిక సంపాదకుడుగా ఒకే కుర్చీలో కూర్చున్నాడు. పట్టాభి దారి వేరు. 1880లో గుండుగొలనులో జన్మించిన ఇతడు మద్రాసులో వైద్యవిద్య ముగించి మచిలీపట్నంలో సుమారు పదేళ్లు ప్రాక్టీసు చేశాడు. తరువాత వైద్యాన్ని విడిచి జాతీయోద్యమంలో ప్రవేశించాడు. రైతులకు, చిన్న వర్తకులకు అప్పు పుట్టే మార్గం కావాలన్న ఆలోచనతో 1923లో ఆంధ్రా బ్యాంకును స్థాపించాడు. ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో విలీనమయ్యే వరకు కొనసాగింది. 1935లో కాంగ్రెసు చరిత్రను గ్రంథస్థం చేశాడు; 1948లో కాంగ్రెసు అధ్యక్షుడయ్యాడు. వైద్యుడుగా ఉన్న పదేళ్లు వృథా అయినట్లు భావించనవసరం లేదు. ఊరి అప్పుల బాధలు, రోగుల ఇళ్ల పరిస్థితులు దగ్గరగా చూసే అవకాశం డాక్టరుకు కలిగినట్లు మరొకరికి కలగదు.

పింగళి వెంకయ్య

జాతీయ పతాక రూపకర్తగా ప్రసిద్ధుడైన పింగళి వెంకయ్య ఉదాహరణ ఈ విషయంలో ఎక్కువ ఆలోచింపజేస్తుంది. ఇతడు మచిలీపట్నం సమీపంలోని భట్లపెనుమర్రులో 1876 (కొందరి ప్రకారం 1878) ఆగస్టు 2న జన్మించాడు. మచిలీపట్నం హిందూ ఉన్నత పాఠశాలలో చదివి, పందొమ్మిదేళ్ల ప్రాయంలో సైన్యంలో చేరి, దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధంలో పాల్గొన్నాడు. గాంధీతో పరిచయం అక్కడే కలిగింది. తిరిగివచ్చాక రైల్వే గార్డుగా, ఆ తరువాత బళ్లారిలో ప్లేగు ఇన్‌స్పెక్టరుగా పని చేశాడు. లాహోరు వెళ్లి ఉర్దూ, జపాను భాషలు నేర్చుకున్నాడు. మునగాల ప్రాంతంలో పత్తి పైరుపై ప్రయోగాలు చేసి 'పత్తి వెంకయ్య' అయ్యాడు. జపాను భాషలో ధారాళంగా ఉపన్యసించి 'జపాన్ వెంకయ్య' అనిపించుకున్నాడు. ఖనిజాలను శోధించి 'డైమండ్ వెంకయ్య' అన్న పేరు కూడా పొందాడు. కొన్నేళ్లు ఆంధ్ర జాతీయ కళాశాలలో ఉపాధ్యాయుడుగా ఉన్నాడు.

ఈ జాబితా చూసిన నేటి తల్లిదండ్రులు ఎవరైనా 'నిలకడ లేని మనిషి' అంటారనడంలో సందేహం లేదు. ఆ మాటలో కొంత నిజం కూడా లేకపోలేదు. అయితే ఈ పనులన్నింటితో పాటు మరొక పని నిలకడగానే సాగింది. వివిధ దేశాల పతాకాలను పరిశీలించి, భారతదేశానికి ఒక పతాకం ఉండాలంటూ ఇతడు 1916లో ముప్పై నమూనాలతో ఒక పుస్తకం ప్రచురించాడు. ఈ పనిని అతనికి ఎవరూ అప్పగించలేదు, దీనికి జీతమూ లేదు. 1921లో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశాలు విజయవాడలో జరిగినప్పుడు అతడు గాంధీకి సమర్పించిన నమూనాయే అనంతరం మార్పులు పొంది, 1947 జూలై 22న రాజ్యాంగ సభ ఆమోదించిన త్రివర్ణ పతాకానికి మూలమైంది.

ఒక మనిషి దిశ ఏమిటో అతని ఉద్యోగాల పట్టికను బట్టి కాక, ఎవరూ అడగకుండా అతడు మళ్లీ మళ్లీ ఏ పనికి తిరిగివస్తాడో దానిని బట్టి తెలుసుకోవచ్చునని వెంకయ్య జీవితం సూచిస్తుంది. దీనికి రెండవ పార్శ్వం కూడా ఉన్నది. లక్ష్యం దొరకడం వేరు, అది కడుపు నింపడం వేరు. వెంకయ్య చివరి సంవత్సరాలు దారిద్ర్యంలో గడిచాయి. 1963 జూలై 4న అతడు మరణించాడు. తపాలాబిళ్ల వంటి గౌరవాలు ఎన్నో దశాబ్దాల తరువాత వచ్చాయి.

డెల్టాకు చెందిన మరికొందరు

కానూరి లక్ష్మణరావు (కె.ఎల్. రావు) 1902లో విజయవాడ - మచిలీపట్నం దారిలోని కంకిపాడులో జన్మించాడు. బాల్యంలోనే ఒక కంటి చూపు కోల్పోయినా గిండీ ఇంజనీరింగు కళాశాలలో చదివి, మద్రాసు విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు మాస్టర్స్ పట్టం పొందిన మొదటి వ్యక్తి అయ్యాడు. 1939లో బర్మింగ్‌హామ్‌లో డాక్టరేటు పొందాడు. కాలువ నీటితో బ్రతికే ఊరిలో పుట్టినవాడు కావడంచేత కాబోలు, ఇతని ఆసక్తి ఆనకట్టలు, నీటి పారుదల నుండి ఎన్నడూ పక్కకు పోలేదు. నాగార్జునసాగర్ నిర్మాణంలో పాత్ర వహించాడు. 1962 నుండి 1977 వరకు విజయవాడ లోక్‌సభ సభ్యుడుగా, కేంద్ర నీటిపారుదల, విద్యుత్ శాఖ మంత్రిగా కూడా అదే పని కొనసాగించాడు. పులిచింతల జలాశయానికి ఇతని పేరు పెట్టారు. ఊరి నుండి దొరికిన దిశ జీవితాంతం మారకపోవడానికి ఇంతకన్న చక్కని ఉదాహరణ డెల్టాలో మరొకటి దొరకదు.

గోపరాజు రామచంద్రరావు (గోరా, 1902 - 1975) వృక్షశాస్త్రంలో ఎం.ఏ. చేసి, మధుర, కొలంబో, కాకినాడ, మచిలీపట్నం మొదలైన చోట్ల అధ్యాపకుడుగా ఉన్నాడు. నాస్తిక భావాల కారణంగా 1933లో కాకినాడలో ఉద్యోగం కోల్పోయాడు. చివరకు అధ్యాపక వృత్తినే విడిచి, 1940లో ముదునూరు గ్రామంలో నాస్తిక కేంద్రాన్ని ప్రారంభించాడు. 1947లో అది విజయవాడ పటమటకు మారింది. నెలజీతం మానుకోవడం అతనొక్కడి నిర్ణయం మాత్రమే కాదు. భార్య సరస్వతి గోరా, పిల్లలు కూడా ఆ జీవనాన్ని పంచుకోవలసి వచ్చింది. ఆశయాన్ని బట్టి వృత్తి మార్చుకున్నవారి కథలు చెప్పేటప్పుడు ఇంట్లోవారు చెల్లించిన మూల్యం తరచు ప్రస్తావనకు రాదు.

గుడివాడ సమీపాన చౌటుపల్లిలో 1922లో పుట్టిన ఘంటసాల వేంకటేశ్వరరావు, తండ్రి మరణానంతరం ఒంటరిగా విజయనగరం చేరి, మధుకరంతో కడుపు నింపుకుంటూ సంగీతం నేర్చాడు. 1942 ఉద్యమంలో పాల్గొని కారాగారవాసం అనుభవించాడు. ఆ పిదప గాని మద్రాసు వెళ్లలేదు. నిమ్మకూరుకు చెందిన నందమూరి తారక రామారావు విజయవాడలో చదువుకొనే రోజులలో కళాశాల నాటకంలో స్త్రీ పాత్ర ధరించాడు. మీసం తీయడానికి ఒప్పుకోని సంగతి అందరికీ తెలిసినదే. 1947లో సబ్ రిజిస్ట్రారు ఉద్యోగం సంపాదించి మూడు వారాలకే వదిలివేశాడు. 1949లో 'మనదేశం' చిత్రంలో కనిపించాడు. నటన తనకు సరిపడునో లేదో ఉద్యోగం వదలడానికి చాలా ముందుగానే రంగస్థలంపై పరీక్షించుకొని ఉండడం ఇక్కడ ముఖ్యం.

స్త్రీల విషయంలో ఈ అవకాశం ఎంతో ఆలస్యంగా, ఎంతో కొద్దిమందికి లభించింది. కొమర్రాజు అచ్చమాంబ (1906 - 1964) వైద్యురాలై విజయవాడలో ప్రాక్టీసు చేసింది, స్త్రీలకు ఉపయోగపడే వైద్య గ్రంథాలు వ్రాసింది, 1957లో విజయవాడ నుండి లోక్‌సభకు ఎన్నికైంది. ఆమె తండ్రి విజ్ఞాన సర్వస్వ కర్త కొమర్రాజు లక్ష్మణరావు. అటువంటి ఇంట పుట్టని ఆడపిల్లలకు ఆ రోజులలో ఎంపిక అనే మాటే వర్తించదు.

పేరు పొందినవారి జీవితాలనే ఉదాహరణలుగా తీసుకోవడంలో ఒక లోపం ఉన్నదని కూడా చెప్పవలసి ఉంటుంది. ఉద్యోగం మానుకొని మద్రాసు రైలెక్కి, వేషాలు దొరకక తిరిగివచ్చినవారి పేర్లు ఏ పుస్తకంలోనూ ఉండవు. కాబట్టి ఈ జీవితాల నుండి ధైర్యం కంటే పద్ధతిని నేర్చుకోవడం మేలు.

పదవ తరగతి తరువాత

ఆంధ్రప్రదేశ్‌లో విద్యార్థి వృత్తి నిర్ణయం నేడు వాస్తవంగా ఇంటర్మీడియట్ గ్రూపు ఎంపికతో జరుగుతుంది. గణితం ఉంటే ఎంపీసీ, జీవశాస్త్రం ఉంటే బైపీసీ, వాణిజ్యం ఉంటే సీఈసీ లేక ఎంఈసీ. అప్పటికి విద్యార్థి వయసు పదిహేను, పదహారు. సూపర్ లెక్కలో అన్వేషణ దశ మొదలయ్యే వయసుకే ఇక్కడ అన్వేషణ ముగిసిపోతున్నది.

దీనికి కారణాలు విజయవాడ చరిత్రలో కనిపిస్తాయి. రాష్ట్రంలో తొలి ప్రైవేటు ఇంజనీరింగు కళాశాలగా పేరొందిన వెలగపూడి రామకృష్ణ సిద్ధార్థ ఇంజనీరింగు కళాశాల 1977లో ఇక్కడి కానూరులో ప్రారంభమైంది. 1986 నుండి ఇంజనీరింగు, వ్యవసాయ, వైద్య కోర్సులకు ఎంసెట్ ఉమ్మడి ప్రవేశపరీక్షగా వచ్చింది. దాని చుట్టూ నగర శివార్లలో హాస్టళ్లతో కూడిన ప్రైవేటు జూనియర్ కళాశాలలు వెలసి, రాష్ట్రం నలుమూలల నుండి పిల్లలను ఆకర్షించాయి. సాఫ్ట్‌వేరు ఉద్యోగాలు, అమెరికా ప్రయాణాలు పెరిగిన కొద్దీ ఎంపీసీకి గిరాకీ పెరిగింది. వైద్య ప్రవేశాలు ఆ తరువాత నీట్ పరిధిలోకి వెళ్లగా, 2021 నుండి ఎంసెట్ పేరు ఈఏపీసెట్ అయినది. పరీక్షల పేర్లు మారినా తెల్లవారుజామున మొదలై రాత్రి వరకు సాగే స్టడీ అవర్ల పద్ధతి పెద్దగా మారలేదు.

తల్లిదండ్రులను మాత్రమే తప్పుపట్టడం న్యాయం కాదు. ఎకరం రెండెకరాల కౌలు చేసే రైతుకు, చిరుద్యోగికి, పిల్లవాడి చదువు కుటుంబాన్ని గట్టెక్కించే ఏకైక మార్గం. వారికి తెలిసిన మంచి ఉద్యోగాలు రెండో మూడో. వాటికే పిల్లలను పంపుతారు. వారికి తెలియని వృత్తులను గురించి చెప్పేవారు ఊరిలో ఎవరూ లేరు. వ్యవసాయ విస్తరణ, చేపల పెంపకం, భూసర్వే, నర్సింగు, ఆహారశుద్ధి, భాషాబోధన, గ్రంథాలయ నిర్వహణ వంటి వాటిలో జీవనం ఎలా ఉంటుందో తెలియకుండానే అవి చెల్లని చదువులుగా ముద్రపడినాయి.

ఒత్తిడి భరించలేక విద్యార్థులు ప్రాణాలు తీసుకున్న సంఘటనలు ఉమ్మడి రాష్ట్రంలో పదేపదే జరుగగా, ప్రభుత్వం 2001లో ప్రొఫెసర్ నీరదారెడ్డి అధ్యక్షతన కమిటీని నియమించింది. విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతున్న ఒక విద్యార్థిని మృతికి సంబంధించిన కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు దేశవ్యాప్తంగా విద్యాసంస్థలు పాటించవలసిన 15 మార్గదర్శకాలు ఇచ్చింది. మార్కులను బట్టి పిల్లలను వేర్వేరు బ్యాచ్‌లుగా విడదీయరాదని, విద్యార్థులకు, తల్లిదండ్రులకు క్రమబద్ధమైన వృత్తి సలహా అందించాలని అందులో ఉన్నది. అనగా వృత్తి సలహా సౌకర్యం అనే స్థాయి నుండి ప్రాణరక్షణకు సంబంధించిన విషయంగా న్యాయస్థానం దృష్టికి వచ్చింది. ఆంధ్రప్రదేశ్ ఇంటర్మీడియట్ విద్యామండలి కూడా 2025-26 విద్యాసంవత్సరం నుండి గణితం, జీవశాస్త్రం రెండింటినీ కలిపి చదువుకొనే వీలు కల్పించింది. పదిహేనేళ్ల వయసులో ఏదో ఒక తలుపు మూసివేయక తప్పని స్థితి దీనివల్ల కొంత సడలుతుంది.

తన్ను తాను తెలుసుకొనే మార్గాలు

ఆసక్తి పరీక్షలు ప్రారంభానికి పనికివస్తాయి. అయితే చేయని పనిని గురించి 'నచ్చుతుందా' అని అడిగితే విద్యార్థి ఇచ్చే సమాధానం ఆ పనికి ఉన్న పేరును బట్టి ఉంటుంది. వైద్యుడు కావాలనుకొనే విద్యార్థికి నచ్చినది వైద్యమా, వైద్యునికి లభించే గౌరవమా అన్నది పరీక్ష కాగితం మీద తేలదు. ప్రభుత్వాసుపత్రి బయటి రోగుల విభాగంలో ఒక ఉదయమంతా కూర్చుని చూస్తే కొంతవరకు తేలుతుంది.

డెల్టాలో ఇటువంటి పరిశీలనకు అవకాశాలు తక్కువేమీ కాదు. విజయవాడ ఆటోనగర్‌లో లారీ ఇంజన్లు విప్పి బిగించే షెడ్లు, గరికపాడు కృషి విజ్ఞాన కేంద్రం, కైకలూరు ప్రాంతపు చేపల చెరువులు, ఇబ్రహీంపట్నం థర్మల్ విద్యుత్కేంద్రం, పెడన అద్దకపు శాలలు అన్నీ ఒక పూట ప్రయాణంలో ఉన్నాయి. వేసవి సెలవులలో ఏదైనా ఒకచోట పదిరోజులు పని చూసిన విద్యార్థికి రెండు విషయాలలో ఒకటి తెలుస్తుంది: ఈ పని కావాలనో, వద్దనో. 'వద్దు' అని ముందుగానే తెలియడం కూడా లాభమే. నాలుగేళ్ల ఫీజు మిగులుతుంది.

ఒక వృత్తిలో ఉన్నవారిని అడగవలసినది జీతం గురించి మాత్రమే కాదు. మామూలు రోజున ఉదయం నుండి సాయంత్రం వరకు ఏమి చేస్తారు, అందులో విసుగు పుట్టించేది ఏది అని అడగాలి. ప్రతి వృత్తిలోనూ అధికభాగం విసుగు పుట్టించే పనే ఉంటుంది. ఉపాధ్యాయుడికి ప్రశ్నపత్రాలు దిద్దడం, న్యాయవాదికి వాయిదాల కొరకు వేచి ఉండడం, ప్రోగ్రామరుకు ఇతరులు వ్రాసిన తప్పులు వెదకడం అటువంటివి. ఆ భాగాన్ని ఓర్చుకోగలిగిన పనినే మనిషి నిలుపుకోగలడు.

మార్కులు, ఆసక్తి ఒకటి కావు. లెక్కలలో నూటికి తొంభై తెచ్చుకొనే పిల్లవాడు సెలవుల్లో ఒక్క లెక్క కూడా చేయకపోవచ్చు. ఎవరూ చెప్పకుండా అతడు ఏమి చేస్తున్నాడన్నది ఇంట్లో గమనించదగిన విషయం. పాడైన రేడియోను విప్పుతున్నాడా, చిన్నపిల్లలను కూర్చోబెట్టి పాఠం చెబుతున్నాడా, పొలంలో తండ్రి వెంట తిరుగుతున్నాడా, ఇరుగుపొరుగు తగవులు తీరుస్తున్నాడా అన్నవి చూడాలి. ఇటువంటివి కొన్ని నెలలపాటు ఒక నోటుపుస్తకంలో వ్రాసుకొంటే, విద్యార్థికే తెలియని ఒక వరుస అందులో కనిపించడం కద్దు. విద్యార్థిని చాలాకాలంగా చూస్తున్న ఉపాధ్యాయులు ఈ విషయంలో పరీక్ష కాగితాల కంటే ఎక్కువ చెప్పగలరు. అరవై మందికి పైగా ఉన్న తరగతిలో అందుకు తీరిక దొరకడమే కష్టం.

దారి మార్చుకొనే వీలు

ఆర్థిక స్థితి కారణంగా వెంటనే సంపాదన అవసరమైనవారికి ముందు ఉపాధి, తరువాత వృత్తి అన్న క్రమం తప్పనిసరి. ఇందులో చిన్నతనం ఏమీ లేదు. వెంకయ్య రైల్వే గార్డు ఉద్యోగం, పట్టాభి వైద్య ప్రాక్టీసు అటువంటివే. పదవ తరగతి తరువాత ఐటీఐలో గాని, పాలిసెట్ వ్రాసి పాలిటెక్నిక్‌లో గాని చేరినవారు త్వరగా పనిలో ప్రవేశించవచ్చును. డిప్లొమా పూర్తి చేసినవారు ఈసెట్ ద్వారా ఇంజనీరింగు డిగ్రీ రెండవ సంవత్సరంలో నేరుగా చేరవచ్చును. ఉద్యోగం చేసుకుంటూ దూరవిద్యలో డిగ్రీ చదువదలచినవారికి ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయపు ప్రాంతీయ కేంద్రం విజయవాడలో ఉన్నది. ఇంజనీరింగు చదివి కూడా బి.ఇడి. చేసి ఉపాధ్యాయులైనవారు, బ్యాంకు ఉద్యోగం మానుకొని చేపల చెరువులు పట్టినవారు డెల్టా గ్రామాలలో కనిపిస్తారు. వారిలో చాలామంది ఈ మార్పు ముప్పై ఏళ్లు దాటిన తరువాత చేసుకున్నవారే.